అయిదు చాళ్ళ గొట్టం

ఒక వసంతకాలంలో నా అరచేతులకు గొర్రెకొవ్వు వాసన పట్టింది. సబ్బుతో తోమినా, ఇసుకతో రుద్దినా, నిమ్మచెక్కతో రాచినా అది వదలలేదు. ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాని ఇంట పుట్టినవాడిని. ఆ వాసన నాకు ఎలా అంటిందో చెప్పాలంటే కువైట్‌లోని ఒక పాత తుపాకీ సంగతి చెప్పాలి. తుపాకీ నాది కాదు. జీవితంలో ఒక్కసారి కూడా నేను దాని మీట నొక్కలేదు. కాని దాని గొట్టంలోనుంచి సీసపు గుండు తిన్నగా వెళ్ళడం మీదనే, సముద్రానికి ఆవల కాకినాడ ఆసుపత్రిలో పడుకొని ఉన్న నా భార్య ప్రాణం ఆధారపడి ఉందని ఆ రోజుల్లో నమ్మాను.

అవి ఎనభైల తొలి సంవత్సరాలు. ప్రాచ్యకళాశాలలో వ్యాకరణమూ అలంకారశాస్త్రమూ చదివి పట్టా పుచ్చుకొన్నాను గాని, ఆ పట్టాను చూసి ఉద్యోగం ఇచ్చే బడి మా జిల్లాలో దొరకలేదు. సొంతంగా నేర్చుకొన్న ఇంగ్లీషు కొంత ఉండడంవల్ల కువైట్‌లో ఖైతాన్ అనే పేటలోని ఒక చిన్న వర్క్‌షాపులో స్టోర్‌కీపరుగా కుదిరాను. పనిముట్లు ఇచ్చి పుచ్చుకోవడం, పైదేశాల యంత్రాల వెంట వచ్చే పుస్తకాలను చదివి పనివాళ్ళకు బోధపరచడం నా పని. శబ్దాల వ్యుత్పత్తి విప్పిన నోటితో మరల వ్యుత్పత్తి విప్పేవాడినయ్యానని అప్పుడప్పుడు నాలో నేనే నవ్వుకొనేవాడిని. మరలో స్క్రూ ఏ దిక్కుకు తిరుగుతుందో చెప్పడానికి కూడా భాష కావలసిందే కదా.

వర్క్‌షాపు యజమానే మా కఫీల్. అక్కడ మనకు పూచీ ఉండే మనిషిని కఫీల్ అంటారు. మన పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంటుంది. ఆయన సరే అంటే తప్ప విమానం ఎక్కలేము. మేము ఆయనను బాబా అని పిలిచేవాళ్ళం. అరవై దాటిన మనిషి. చమురు ఎరుగని కాలంలో తండ్రి వెంట తెరచాప ఓడల మీద బొంబాయికి వెళ్ళి వచ్చినవాడు కనుక, ఆ రేవులో నేర్చుకొన్న హిందీలోనే మాతో మాట్లాడేవాడు. కోపిష్ఠి కాడు. కాని ఆయన మనసు ఏదైనా ఒక వస్తువు మీద నిలిస్తే తక్కిన లోకం ఆయనకు కనబడేది కాదు. ఆ ఏడాది అది నిలిచిన వస్తువు తండ్రి నాటి తుపాకీ.

కొత్త తూటాలు వాడితే ఆ పాత గొట్టం మరింత అరిగిపోతుందని ఆయన భయం. అందుకని సీసం కరగించి గుండ్లు తానే పోత పోసుకొనేవాడు. పోత పోసిన గుండు కొంచెం లావుగా, కొంచెం వంకరగా వస్తుంది. దానిని సరిచేయడానికి పైదేశంనుంచి ఒక చేతి ప్రెస్సు తెప్పించాడు. గుండును అందులో నిలబెట్టి పిడి నొక్కితే అది డై అనే ఉక్కు దిమ్మ రంధ్రంలోకి దిగి, ఆ రంధ్రం ఎంతో అంత కొలతకు నున్నగా మారుతుంది. అదే క్షణంలో డై గోడలకు ఉన్న సన్నని బెజ్జాలలోనుంచి మైనపు గ్రీజు ఊరి గుండు నడుముకు ఉన్న గాడిలో నిండుతుంది. ప్రెస్సుతో పాటు చిన్నదీ నడిమిదీ పెద్దదీ అని మూడు డైలు వచ్చాయి. ఒకదానికీ మరొకదానికీ తేడా వెంట్రుకను నిలువునా చీల్చితే వచ్చేపాటిది. గుండు గొట్టపు లోపలి కొలతకంటె ఒక్క పిసరు లావుగా ఉండాలి. సన్నగా ఉంటే మందు మంట దాని పక్కలనుంచి దూసుకొని ముందుకు పోతుంది, సీసం కరిగి గొట్టానికి అంటుకొంటుంది, గుండు దారి తప్పుతుంది. ఏ డై ఎంచుకోవాలన్నదే అందులోని విద్య. ఆ ఎంపికను బాబా నాకూ మా టర్నరుకూ అప్పగించాడు.

టర్నరు రాజోలు ప్రాంతం మనిషి. లేత్ మిషను ముందు నిలబడితే ఉక్కును బెల్లంలా కోసేవాడు. మేమిద్దరం ఖైతాన్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. గది ఒకటే, పొయ్యిలు రెండు. అతని పొయ్యి మీద చేపలు ఉడికేటప్పుడు నేను మేడ మీదికి వెళ్ళి కూర్చొనేవాడిని. ఉడికాక అతడు కిటికీలు తెరిచి, "దిగండి పంతులుగారూ, సముద్రం ఎనక్కి ఎల్లిపోయింది," అని కేక వేసేవాడు.

ఫాల్గుణం వెళుతూ ఉండగా ఒక మధ్యాహ్నం, మా మేడ కింది చిల్లరకొట్టులోని ఫోనుకు నాకు కాకినాడనుంచి పిలుపు వచ్చింది. నా బావమరిది గొంతు అలల అడుగునుంచి వచ్చినట్టు వచ్చింది.

"బావగారూ, వినబడుతోందాండీ? అక్కయ్యకి రక్తం ఆగడం లేదండీ. గర్భసంచి తీసెయ్యాలంటున్నారు డాక్టరమ్మగారు. ఆలస్యం చేస్తే మా పూచీ లేదంటున్నారు."

"తీయించు మరి! ఎందుకు ఆగారు?"

"అక్కయ్య ఒప్పుకోవడం లేదండీ. మీరు వచ్చి ఆపరేషను గది తలుపు దాకా పక్కన నడిస్తేగాని లోపలికి వెళ్ళదట. మా అమ్మ సంగతి మీకు తెలుసు కదండీ."

తెలుసు. మా అత్తగారిని ఆపరేషను గదిలోకి తీసుకొని వెళ్ళినప్పుడు మా మామగారు పొరుగూరిలో వ్యాజ్యం పని మీద ఉన్నారు. ఆమె ఒంటరిగా లోపలికి వెళ్ళింది, తిరిగి రాలేదు. అప్పుడు నా భార్య చిన్నపిల్ల; ఆ తలుపు ఎదుట బల్ల మీద కూర్చొని ఉందట. పెండ్లయిన కొత్తలో ఒకనాడు ఆమె నాతో, "నాకేదయినా అయితే మాత్రం మీరు తలుపు దాకా రావాలి," అన్నది. నేను నవ్వి, "వస్తాను," అన్నాను. ఆమె ఆ మాటను దాచిపెట్టుకొన్నదని నాకు తెలియదు.

ఆ సాయంత్రమే బాబా దీవానియాకు వెళ్ళాను. మగవాళ్ళు కూర్చొని కాఫీ తాగే చావడి అది. ఆయన తుపాకీని ఒళ్ళో పెట్టుకొని గొట్టంలోకి ఒక కన్నుతో చూస్తున్నాడు.

"బాబా, ఇంట్లో మనిషికి ఒంట్లో నలతగా ఉంది. ఊరికి వెళ్ళి రావాలి."

"వెళుదువుగాని, ఇన్‌షా అల్లా." కన్ను గొట్టంలోనుంచి తీయలేదు. "ముందు దీని సంగతి చూడు. చలికాలం ఎడారిలో వేసుకొన్న గుడారాలు ఎత్తేసే రోజులు దగ్గరపడ్డాయి. మా పినతండ్రి కొడుకులందరి ఎదుట నాన్న తుపాకీ పేలాలి. అది పేలాక వెళ్ళు. ఖలాస్."

ఖలాస్ అంటే ఇక అయిపోయినట్టే. దాని తరువాత మాట ఉండదు. బయట టర్నరు నా కోసం కాచుకొని ఉన్నాడు.

"ఏటన్నారండి?"

"తుపాకీ బాగయ్యాక వెళ్ళమన్నాడు."

"మీరేటని అడిగారండి?"

"ఇంట్లో నలతగా ఉందని చెప్పాను."

అతడు నడక ఆపేశాడు. "నలతేటండీ బాబూ! నలతంటే జలుబండి. ఆవిడకి రగతం ఆగట్లేదని సెప్పాలి. సచ్చిపోద్దేమో బాబా అని కాళ్ళమీద పడాలి."

"ఆ మాట నా నోట రాదు. తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు నాయనా."

"ఈ దేశంలో తిరగరండీ. ఆళ్ళకి ఇఖామా ఉండదు."

నవ్వు వచ్చి ఉండవలసింది. ఇఖామా అనే అక్కడి నివాసపత్రం లేనివాళ్ళను పట్టుకొని ఓడ ఎక్కిస్తారని భయపడే మాకు ఇంతకంటె మంచి హాస్యం దొరకదు. కాని నాకు నవ్వు రాలేదు. మా ఇండ్లలో దీపం ఆర్పమని కూడా అనము, కొండెక్కించమంటాము. బియ్యం అయిపోతే నిండుకొన్నాయంటాము. అలాంటి నాలుక మీదికి ఆ మాటను ఎలా తెచ్చుకొనేది? ఇక నాకు మిగిలినది ఆ తుపాకీ ఒక్కటే అనిపించింది.

మరునాడు పొద్దున్నే పని మొదలుపెట్టాము. తుపాకీ గొట్టం లోపల, గుండును బొంగరంలా తిప్పడానికి మెలికలుగా చాళ్ళు కోసి ఉంటాయి. చాలుకూ చాలుకూ నడుమ గట్టు ఉంటుంది, దున్నిన పొలంలో లాగానే. మెత్తని సీసపు ముక్కను నూనె రాసి ఆ గొట్టంలో ఒక కొసనుంచి కొట్టి రెండో కొసకు నెట్టాము. లోపలి చాళ్ళన్నీ దాని ఒంటి మీద గట్లుగా అచ్చుపడి బయటికి వచ్చింది. దానిని మైక్రోమీటరు అనే సన్నని కొలతల పనిముట్టు దవడల నడుమ పెట్టి టర్నరు చూశాడు, నేను చూశాను, బాబా వచ్చి కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. ముగ్గురికీ ఒకే అంకె వచ్చింది. పుస్తకంలోని పట్టిక ప్రకారం దానికి సరిపడినది చిన్న డై. ముగ్గురం తృప్తిగా తల ఊపాము.

తెప్పించిన గ్రీజు అయిపోయింది. "మైనం, కొవ్వు కలిపి కాచండి. మా నాన్న అలాగే చేసేవాడు," అన్నాడు బాబా. స్టోరు నాది గనుక సామాను ఎంచే స్వాతంత్ర్యమూ నాదే అనుకొని, తేనెమైనంలో కొవ్వుకు బదులు నెయ్యి కలిపాను. టర్నరు ప్రెస్సు పిడి పట్టుకొని వాసన చూశాడు.

"నెయ్యేసి తూటా వండుతున్నారేటండీ? యుద్ధవా, యజ్ఞవా?"

జహ్రా ఊరు దాటిన తరువాత ఎడారిలో, తివాసీ మీద బోర్లా పడుకొని బాబా కాల్చాడు. ఒక గుండు గురికి నిలిపిన పలక అంచుకు తగిలింది, ఒకటి ఇసుకలో పడింది, ఒకటి అడ్డంగా తగిలి చేప ఆకారంలో కన్నం చేసింది. గొట్టంలోకి చూస్తే సీసం వెండి పొలుసులలా అంటుకొని ఉంది. బాబా ఒక గుండును తీసి ముక్కు దగ్గర పెట్టుకొన్నాడు.

"ఇది కొవ్వు వాసన కాదే."

"నెయ్యి, బాబా."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. జాలిగా చూసి, "నెయ్యి అన్నంలో వేసుకో. గొట్టానికి గొర్రె తోక కావాలి. బుక్రా చూద్దాం," అన్నాడు. రేపు అన్నమాట. ఆ దేశంలో రేపు ఎంత పొడవుగా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు.

గదికి వచ్చేసరికి చిల్లరకొట్టు అతను నా కోసం చూస్తున్నాడు. బావమరిది మళ్ళీ పిలిచాడు. రక్తం ఎక్కిస్తున్నారట, ఎక్కించినది ఎక్కించినట్టే పోతోందట. డాక్టరమ్మగారు ఆమెను కోప్పడ్డారట, బతిమాలారట.

"వస్తున్నారా అని అడుగుతోందండీ. బయలుదేరారనే చెప్పాను. ఏం చెప్పమంటారు?"

"బయలుదేరాననే చెప్పు," అన్నాను. ఫోను పెట్టేశాక కొట్టులోని ఉప్పు బస్తా మీద కూర్చొన్నాను. ఆమె ఒంట్లోనుంచి బొట్టు బొట్టుగా పోతున్నదంతా నా నెయ్యివల్లనే పోతున్నదని అనిపించింది. ఆచారం నిలబెట్టుకొన్నాను; ఆమెను తలుపు ముందర నిలబెట్టాను.

మరునాడు టర్నరును రేవు వైపు షర్క్ దగ్గర ఒక పడవ ఇంజను పనికి పంపించారు. అతడు తిరిగి వచ్చేదాకా కాచుకొంటే కొవ్వు సంగతి అతడే చూసేవాడు. అంతవరకు కూర్చోలేకపోయాను. ఖైతాన్ బజారులో మాంసం కొట్టు ఎదుటికి ఎన్నో ఏళ్ళుగా తల తిప్పుకొని నడిచిన నేను, ఆ రోజు నేరుగా వెళ్ళి నిలబడ్డాను. కొట్టు నడిపే పఠాను కత్తి పట్టుకొని ఆశ్చర్యపోయాడు.

"పండిట్‌జీ! మీరా? ఇంట్లో దావత్ ఏమన్నా ఉందా?"

"తోకకొవ్వు కావాలి," అన్నాను. అతడు మంచి ముక్క ఏరి, కాగితంలో చుట్టి, నా చేతికి తగలకుండా సంచిలో వేశాడు. నా ముఖంలో ఏం చూశాడో.

వర్క్‌షాపు వెనుక రేకుల నీడలో స్టవ్వు వెలిగించాను. కొవ్వు మొదట తెల్లగా చెమర్చింది, తరువాత చిటపటలాడింది, చివరకు పచ్చని నూనె అయింది. ఆ ఆవిరి ముఖానికి కొట్టగానే గోడ పక్కకు వెళ్ళి వాంతి చేసుకొని, నోరు కడుక్కొని మళ్ళీ వచ్చి కూర్చొన్నాను. వడకట్టడానికి గుడ్డ లేక నా పాత పంచె చింపాను. మైనం కలిపి, చల్లారుతూ ఉండగా రెండు చేతులతో పిసికాను. నోటికి మంత్రం వస్తున్నదేమోనని నోరు బిగించాను. పెదవులు కదలకుండా ఉండవు, అలవాటు. కాని ఆ పనిలో ఉన్న చేతులతో ఏ దేవుడి పేరు పలకను? ఆమె పేరు ఒక్కటే పలుకుతూ పిసికాను. తరువాత ఒక్కొక్క గుండునూ ప్రెస్సులో నిలబెట్టి పిడి నొక్కాను. గాడిలో కొవ్వు ఊరి నిండడం చూసి, ఇది చాలు, ఇక ఇది చాలు అనుకొన్నాను.

టర్నరు సాయంత్రం వచ్చి చూశాడు. వేళాకోళం ఆడలేదు. నా మణికట్లు పట్టుకొని కుళాయి దగ్గరికి నడిపించి, కిరసనాయిలు పోసి, పసిపిల్లవాడికి కడిగినట్టు నా చేతులు కడిగాడు.

"సాల్లెండి. మిగతాయి నే నొక్కుతాను. మీరలా కూకోండి."

మరునాడు ఎడారిలో ఆ గుండ్లూ దారి తప్పాయి. నెయ్యి గుండ్లు ఎక్కడ పడ్డాయో ఇవీ అక్కడే పడ్డాయి. గొట్టంలో అవే వెండి పొలుసులు. బాబా చాలాసేపు తివాసీ మీద పడుకొనే ఉన్నాడు. లేచి, ఇసుక దులుపుకొని, తుపాకీని గుడ్డలో చుట్టాడు.

"గొట్టమే ముసలిదైపోయింది. నాన్నతోనే పోవలసింది. గోడకు తగిలిస్తాను. ఓపిక ఉంటే వచ్చే చలికాలంలో చూద్దాం."

ఆయన విచారం ఆయనది. నాకు వినబడినది మాత్రం వచ్చే చలికాలం అన్న మాట. ఎండ మెత్తగానే ఉంది, కాని నా కళ్ళకు ఎడారి అంతా ఒక్కసారి నల్లబడింది. తిరుగు దారిలో టర్నరు నా చెవి దగ్గర, "సెప్పండి, ఇప్పుడైనా ఆ మాట సెప్పండి," అంటూనే ఉన్నాడు. నేను జీపులో నా ఎదుట ఉన్న అర మూతను చూస్తూ కూర్చొన్నాను.

ఆ రాత్రి ఎలా గడిచిందో రాయను. తెల్లవారాక అలవాటు చొప్పున స్నానం చేసి, పూలకోసం వెళ్ళాను. మా వీథి మలుపులో మసీదు ప్రహరీ వారగా ఎర్రగన్నేరు గుబురుగా పెరిగి ఉండేది. అక్కడి ముసలి కావలివాడు నేను కోసుకొంటే ఏమీ అనేవాడు కాడు. రోజూ చేయి వేసి చటుక్కున తెంపుకొని వచ్చేవాడిని; పువ్వును ఎన్నడూ చూడలేదనే చెప్పాలి. ఆ రోజు చేయి చాచి, వేళ్ళనుంచి కొవ్వు వాసన వచ్చి, ఆగిపోయాను. ఈ చేతులతో కోయవచ్చునా? కోయకుండా ఇంటికి ఎలా వెళ్ళేది? అలా నిలబడిపోయి, కోయలేని పువ్వును కళ్ళతో మాత్రం పట్టుకొన్నాను.

గన్నేరు పువ్వుకు అయిదు రేకులు. ఒక్కొక్క రేకూ గాలికి తిరిగినట్టు ఒక పక్కకు మెలిక పడి ఉంటుంది. ఒక రేకు కొసనుంచి నడిబొడ్డు మీదుగా చూపు నడిపిస్తే ఎదుటి కొసన రేకు ఉండదు, సందు ఉంటుంది. ఏ రేకునుంచి చూసినా అంతే. అయిదు గనుక అంతే.

మెలిక తిరిగిన చాళ్ళు. గొట్టంలో చాళ్ళు ఎన్ని?

పువ్వు కోయకుండానే వర్క్‌షాపుకు పరుగెత్తాను. పంచె కాళ్ళకు అడ్డం పడింది. బీరువాలో సీసపు ముక్క ఉంది. దాని ఒంటి మీద గట్లు లెక్కపెట్టాను. అయిదు. మైక్రోమీటరు దవడలు రెండే. ఒకటి గట్టు మీద ఆనితే రెండవది ఎదుటి పల్లంలోకి జారుతుంది. మేము కొలిచినది గొట్టాన్ని కాదు, దానికంటె సన్నని మరేదో గొట్టాన్ని.

టర్నరు వచ్చేసరికి మూడు డైలనూ బల్ల మీద పెట్టాను. సీసపు ముక్కను చిన్న డై మూతి మీద పెట్టి బొటనవేలితో నొక్కాను. దిగలేదు. నడిమి డైలో తల దూర్చి ఇరుక్కొంది. పెద్ద డైలో మాత్రం, కొలిచి కోసినట్టు, వదులు లేకుండా, గీరుకోకుండా అడుగుకు జారింది.

అతడు నోరు తెరిచాడు. "ఓర్నాయనో. మైకురోమీటరు అబద్దం ఆడిందేటండీ?"

"అది నిజమే చెప్పింది. మనం రెండు చేతులు పెట్టి అయిదు వేళ్ళను కొలిచాము."

"ముగ్గురం సూశాం గదండీ! ముగ్గురం తలకాయలు ఊపాం."

"పిడి నొక్కు నాయనా, తరువాత ఊపుదువుగాని."

పెద్ద డై బిగించి, అచ్చులోనుంచి తీసిన లావు గుండ్లనే దానిలో దించాము. గ్రీజు మాత్రం మిగిలిన కొవ్వు ముద్దే. ఎదురైన కారును ఆపి, బాడుగ మాట్లాడుకొని, ఇద్దరం ఎడారిలో బాబా గుడారానికి వెళ్ళాము. ఆయన దాయాదులు కాఫీ గిన్నెల చుట్టూ కూర్చొని ఉన్నారు. గుడారాలు కొన్ని అప్పటికే విప్పుతున్నారు. మమ్మల్ని చూసి బాబా విసుక్కొన్నాడు.

"మళ్ళీ ఏమిటి?"

"ఒక్కసారి, బాబా. గొట్టం ముసలిది కాదు. గుండు సన్ననిది."

దాయాదులు నవ్వారు. ఆ నవ్వు తగిలి బాబా లేచి, ఇంకా గోడకు ఎక్కని తుపాకీని జీపులోనుంచి తెచ్చాడు. పడుకొన్నాడు. కాల్చాడు. టర్నరు పలక దగ్గరికి పరుగెత్తి, అక్కడే గెంతుతూ రెండు చేతులూ ఊపాడు. గుండ్లన్నీ అరచేయి వెడల్పులో, కోడి గింజలు ఏరుకొన్నచోట ముక్కు గుర్తుల్లా గుమిగూడి ఉన్నాయి. దాయాదులు నవ్వడం మాని లేచి నిలబడ్డారు. బాబా గొట్టంలోకి చూసి, దానిని ముద్దు పెట్టుకొని, నన్ను కౌగిలించుకొన్నాడు. ఆయన గడ్డం మీద కన్నీరు ఉంది. తండ్రి పేరు తలుచుకొని ఏదో అన్నాడు.

తరువాత దాయాదులు ఒక్కొక్కరే కాల్చారు. కాఫీ తిరిగింది. పలక మార్చారు. మళ్ళీ కాల్చారు. పొద్దు వాలుతోంది. నేను గుడారపు తాడు పట్టుకొని నిలబడ్డాను, ఇప్పుడు పిలుస్తాడు, ఇప్పుడు పిలుస్తాడు అనుకొంటూ. ఆయన చూపు నా మీద పడింది, చిరునవ్వు నవ్వి మళ్ళీ పలక వైపు తిరిగింది. అప్పుడు అర్థమయింది. తుపాకీ పేలాక వెళ్ళమని అన్నాడు కదా, ఆ మాట ఆయనకు గుర్తు లేదు. నేను కొవ్వులో చేతులు పెట్టి కట్టిన వంతెన అవతలి ఒడ్డున ఎవరూ లేరు.

ఎప్పుడు నడిచానో తెలియదు. ఆయన కాల్చబోతూ ఉండగా గొట్టానికీ పలకకూ మధ్యకు వెళ్ళి నిలబడ్డానట. టర్నరు తరువాత చెప్పాడు.

"బాబా, మేరీ బీవీ మర్ రహీ హై."

తెలుగులో అయితే రాకపోయేది. పరాయి భాషలో వచ్చింది. నా భార్య చచ్చిపోతోంది అన్నానన్నమాట, దేవతలు తిరిగే సంధ్యవేళ, పదిమంది ఎదుట, గొంతెత్తి.

బాబా తుపాకీని తివాసీ మీద పెట్టాడు. మెల్లగా లేచాడు.

"ఎప్పటినుంచి?"

"నేను సెలవు అడిగిన నాటినుంచి."

"నలత అన్నావు!" అన్నాడు. "తలనొప్పి అనుకొన్నాను. ఆడవాళ్ళకు మామూలే అనుకొన్నాను. ఈ మాట ఆనాడే ఎందుకు అనలేదయ్యా?"

ఆయన జీపు దగ్గరికి వెళ్ళి ముందు సీటు ఎదుట ఉన్న అర తెరిచాడు. తూటాల డబ్బా తీశాడు, జపమాల తీశాడు, దాని కిందినుంచి నా పాస్‌పోర్టు తీశాడు. నేను అడిగిన మరునాడే సెలవు కాగితం మీద సంతకం పెట్టి అందులో మడిచి ఉంచాడట. ఇవ్వడం మరిచిపోయాడు. ఆ రోజు తప్ప ఎడారికి వచ్చిన ప్రతిసారీ నేను ఆ జీపులోనే, ఆ అరకు ఎదుటనే కూర్చొని వచ్చాను.

ఆయన దానిని నా చేతిలో పెట్టినప్పుడు అట్ట మీద ఆయన బొటనవేలి ముద్ర జిడ్డుగా పడింది. నేను పిసికిన కొవ్వే. "యల్లా, యల్లా," అని, త్వరగా పొమ్మని డ్రైవరు మీద అరిచి, నన్ను జీపు ఎక్కించి పంపాడు. గదికి వెళ్ళి బట్టలు తెచ్చుకోవడానికి కూడా ఆగవద్దన్నాడు.

బొంబాయి విమానంలోనూ, అక్కడినుంచి రైళ్ళలోనూ నాతో కూర్చొన్నది ఒక్కటే, నేను అన్న ఆ మాట. ఒక్కసారి అన్నది గాలిలో ఎక్కడికి పోతుంది? నేను సామర్లకోటలో దిగేలోపల అది కాకినాడ చేరి ఉంటుందనిపించేది. కిటికీలోకి మామిడిపూత వాసన వచ్చినప్పుడు కూడా నా చేతుల వాసనే వచ్చింది.

ఆసుపత్రి వరండాలో బావమరిది నన్ను చూసి ఏడ్చాడు. ఆ ఏడుపుకు అర్థం తెలియక గోడ పట్టుకొన్నాను. అతడు లోపలికి చేయి చూపించాడు. ఆమె మంచం మీద కాగితంలా ఉంది. కళ్ళు మాత్రం నావైపు తిరిగాయి.

"వచ్చారా?" అన్నది. నేను చేయి పట్టుకొన్నాను. ఆమె ముఖం పక్కకు తిప్పుకొన్నది. "ఏమిటండీ ఈ కంపు?"

అంతా చెప్పాను. కొవ్వు, పంచె చింపడం, పువ్వు. చివరికి ఆ మాట కూడా. అన్నాక తల వంచుకొన్నాను. ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకొన్నది.

"ఎంతమంది ముందు అన్నారు?"

"పదిమంది ఉంటారు."

"పోనీలెండి. బతికున్న మనిషిని చచ్చిపోయిందంటే ఆయుష్షు పెరుగుతుందంటారు మా వాళ్ళు. పదిమంది వింటే మరీ మంచిది. పదండి, తలుపు దాకా."

బల్లబండి పక్కన నడిచాను. తలుపు దగ్గర ఆమె నా అరచేతిని లాగి మరొకసారి వాసన చూసింది.

"ఇక్కడే ఉండండి. చేతులు మాత్రం కడుక్కోకండి. మత్తులో కళ్ళు తెరవలేకపోయినా మీరున్నట్టు తెలుస్తుంది."

తలుపు మూసుకొంది. ఎదుట బల్ల ఉంది. ఆమె చిన్నతనంలో కూర్చొన్నటువంటి బల్లే అయి ఉంటుంది. దాని మీద కూర్చొన్నాను. ఎవరో మంచినీళ్ళు తెచ్చి ఇస్తే, ఒక్క బొట్టు కూడా అరచేతి మీద పడకుండా పైకెత్తి తాగాను.

ఆమెను బయటికి తెచ్చేసరికి వరండాలో దీపాలు వెలిగించారు. పెదవులు తెల్లగా ఉన్నాయి, రెప్పలు మూసి ఉన్నాయి. డాక్టరమ్మగారు ఏదో చెబుతున్నారు, నాకు వినబడలేదు. వంగి, చేయి ఆమె ముఖం దగ్గర పెట్టాను. కళ్ళు తెరవకుండానే ఆమె ముక్కు చిట్లించింది.